జాబితాలో లేని పేర్లు

1995. రెండో ప్రపంచయుద్ధం ముగిసి యాభై ఏళ్ళు నిండాయని లండన్‌లో ఉత్సవాలు జరుగుతున్నాయి. ప్రముఖుల కోసం వేసిన గుడారం దగ్గరికి హరియాణా పల్లెటూరి నుంచి వచ్చిన డెబ్భై నాలుగేళ్ళ రైతు ఒకాయన వెళ్ళాడు. అక్కడున్నవాళ్ళు జాబితా చూశారు. అందులో ఆయన పేరు లేదు. పేరు లేనివాళ్ళని లోపలికి పంపరు కదా, ఆయన్నీ వెనక్కి పంపేసేవాళ్ళే. ఆ ఏర్పాట్లు చూస్తున్న బ్రిటిష్ బ్రిగేడియర్ ఒకరి కన్ను సమయానికి ఆ ముసలాయన కోటు మీద పడింది. ముదురెరుపు రిబ్బను, దానికి వేలాడుతూ ఒక చిన్న కంచు శిలువ. విక్టోరియా క్రాస్. దాన్ని గుర్తుపట్టిన బ్రిగేడియర్ ఆయన్ని మర్యాదగా లోపలికి పిలిచాడు.

ఆ రైతు పేరు ఉమ్రావ్ సింగ్. ఒకప్పుడు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ శతఘ్ని దళంలో హవల్దారు.

ఈ సంగతి నేను మొదటిసారి చదివింది ఆయన చనిపోయిన చాలా ఏళ్ళకి. ఏదో వెతుకుతుంటే ఇంకేదో దొరుకుతుంది చూడండి, అలా దొరికింది. చదివి నవ్వుకున్నాను. ‘మన పేరు సిస్టమ్‌లో లేదు’ అనిపించుకోని భారతీయుడు ఉంటాడా? తర్వాత ఆ పతకం ఇచ్చినప్పటి అధికారిక ప్రశంసాపత్రం, సైన్యం భాషలో సైటేషన్, దొరకబుచ్చుకుని చదివాను. చాలా చిన్నది. చదవడం ముగిశాక నవ్వు పోయింది. ఎందుకంటే దాంట్లో కూడా ఒక జాబితా ఉండాలి. లేదు. ఈ వ్యాసం నిజానికి దాని గురించే.

*

రెండో ప్రపంచయుద్ధమంటే మనలో చాలామందికి హాలీవుడ్ సినిమా. నార్మండీ తీరం, హిట్లరు, హిరోషిమా. మనది కాని యుద్ధం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాకినాడ పక్కన పుట్టి పెరిగిన మా నాయనమ్మ మాత్రం కాలాన్ని వేరేగా లెక్కపెట్టేది. ‘బాంబులు పడ్డ ఏడు’ అనేది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకి పరిగెత్తారు. అప్పటికి నాయనమ్మకి పదేళ్ళు. ఆ ఏడే రంగం నుంచి కొందరు నడుచుకుంటూ తిరిగొచ్చారని, కొందరు అసలు రాలేదని చెప్పేది.

రంగం అంటే రంగూను. తరతరాలుగా కోస్తా జిల్లాల నుంచి మనవాళ్ళు కూలికీ నాలికీ ఓడెక్కి వెళ్ళిన ఊరు. కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళు కాబట్టి బర్మాలో వాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. 1942 మార్చి 8న రంగూను జపాను చేతిలో పడింది. లక్షలాది భారతీయులు కాలినడకన ఇండియా దారి పట్టారు. అందులో ఒక దారి ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, తాంగప్ కనుమ మీదుగా, అరకాన్ తీరంలోని అక్యాబ్‌కి చేరుతుంది. ఆ అక్యాబ్ దగ్గరే కలాదాన్ నది సముద్రంలో కలుస్తుంది. రెండున్నరేళ్ళ తర్వాత ఉమ్రావ్ సింగ్ పోరాడింది ఆ కలాదాన్ లోయలోనే. అంటే మన ఊళ్ళవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటొచ్చిన ప్రాంతంలోకి ఆయన ఎదురు వెళ్ళాడు. ఇది తెలిశాక ఆ యుద్ధం పరాయిదని అనుకోలేకపోయాను.

*

ఉమ్రావ్ సింగ్ 1920లో పల్‌రా అనే ఊళ్ళో పుట్టాడు. ఇప్పుడది హరియాణాలోని ఝజ్జర్ జిల్లా. అప్పట్లో పంజాబు రాష్ట్రం, రోహ్‌తక్ జిల్లా. వ్యవసాయ కుటుంబం. ఊరి బడిలో చదువు. 1939 నవంబర్‌లో సైన్యంలో చేరాడు.

ఆ నెలని కొంచెం గమనించాలి. సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఇండియా కూడా యుద్ధంలో ఉన్నట్టేనని ప్రకటించాడు. ఇక్కడి నాయకుల్ని ఒక్క మాట కూడా అడగలేదు. దానికి నిరసనగా అక్టోబర్, నవంబర్ నెలల్లో రాష్ట్రాల్లోని కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గమూ దిగిపోయింది. అంటే దేశంలో ఒక సగం ‘ఈ యుద్ధం మాది కాదు’ అని కుర్చీలు వదిలేస్తున్న రోజుల్లో, పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు వెళ్ళి పేరు రాయించుకున్నాడు.

ఎందుకు? దేశభక్తి అనలేం, ద్రోహమూ అనలేం. ఆ ప్రాంతంలో సైన్యం అంటే ఉద్యోగం. వానమీద ఆధారపడ్డ చేలు, చిన్న కమతాలు. నెల తిరిగేసరికి ఇంటికి మనియార్డరు వచ్చే దారి అదొక్కటే. పైగా పంజాబులో అధికారంలో ఉన్నది కాంగ్రెస్ కాదు, యూనియనిస్టు పార్టీ. రోహ్‌తక్ రైతుల్లో తిరుగులేని పలుకుబడి ఉన్న ఛోటూరామ్ ఆ పార్టీ నాయకుడు, యుద్ధానికి మద్దతిచ్చినవాడు. బ్రిటిష్‌వాళ్ళ ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం కూడా ఆ చుట్టుపక్కల ఊళ్ళని ఎప్పట్నుంచో సైన్యం వైపు మలిచి ఉంచింది. యుద్ధం పెరిగేకొద్దీ ఆ సిద్ధాంతాన్ని వాళ్ళే గట్టున పెట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూడా పెద్ద సంఖ్యలో తీసుకున్నారనుకోండి. 1939లో సుమారు 2 లక్షలున్న ఇండియన్ ఆర్మీ 1945 నాటికి 25 లక్షలైంది. నిర్బంధ సైనిక సేవ లేదు. అందరూ ‘స్వచ్ఛందంగా’ చేరినవాళ్ళే. ఆకలి ఉన్నచోట స్వచ్ఛందం అనే మాటకి ఎంత బరువుంటుందో మీరే అంచనా వేసుకోండి. 1943లో బెంగాల్ కరువులో ముప్పై లక్షలమంది దాకా చనిపోయారు. అరకాన్ యుద్ధరంగానికి వెళ్ళాలంటే ఆ బెంగాల్ మీదుగా, చిట్టగాంగ్ దాటుకునే వెళ్ళాలి. సిపాయికి రేషను ఉంది. దారి పక్కన ఉన్నవాడికి లేదు.

*

1944 డిసెంబర్. పదిహేనో కోర్ అరకాన్ మీద ముందుకు కదులుతోంది. తీరం వైపు ఇతర దళాలు, లోపలి కొండల్లో కలాదాన్ లోయ వెంట 81వ పశ్చిమాఫ్రికా డివిజన్. ఈ డివిజన్ గురించే ఒక పుస్తకం రాయొచ్చు. నైజీరియా, గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా), సియెర్రా లియోన్, గాంబియాల నుంచి తెచ్చిన సైనికులు. బండ్లు పోని అడవిలో సామానంతా నెత్తిన పెట్టుకుని నడిచేవారు. తిండీ మందుగుండూ విమానాల నుంచి జారవిడిచేవారు. వాళ్ళకి తోడుగా ఇండియన్ ఆర్టిలరీకి చెందిన 30వ మౌంటెన్ రెజిమెంట్, అందులో 33వ మౌంటెన్ బ్యాటరీ, ఆ బ్యాటరీలో ఒక గన్నుకి పెద్ద హవల్దార్ ఉమ్రావ్ సింగ్. ఒక్కసారి ఊహించుకోండి: ఘనా నుంచి ఒకడు, హరియాణా నుంచి ఒకడు, బర్మా కొండల్లో, జపానువాడితో, ఇంగ్లండు రాజు కోసం. సామ్రాజ్యం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

మౌంటెన్ బ్యాటరీ అంటే కొండల్లోకి మోసుకెళ్ళగలిగే ఫిరంగుల దళం. వాటి ముఖ్య ఆయుధం 3.7 అంగుళాల హోవిట్జర్. దాన్ని ముక్కలుగా విడదీసి ఎనిమిది కంచరగాడిదల మీద ఎక్కిస్తారు. కావలసినచోట దింపి మళ్ళీ బిగిస్తారు. ఆ బరువైన ముక్కల్ని ఎత్తి మొయ్యడానికి పొడుగాటి ఇనుప కడ్డీలుంటాయి. గన్ బేరర్ అంటారు. మనకి తెలిసిన వస్తువుతో చెప్పాలంటే ఇంచుమించు గునపం. ఈ గునపాన్ని గుర్తుపెట్టుకోండి.

డిసెంబర్ 15 రాత్రి తెల్లవారి 16 అయ్యేలోగా జరిగిందిది. ఉమ్రావ్ సింగ్ గన్ను మిగతా బ్యాటరీ కన్నా ముందుకు జరిగిన చోట ఉంది. జపాను సైన్యం 75 మిల్లీమీటర్ల ఫిరంగులతో, మోర్టార్లతో తొంభై నిమిషాలపాటు ఆ చోటుని దంచింది. అది ఆగాక కనీసం రెండు కంపెనీల పదాతిదళం మీదికొచ్చింది. ఫిరంగి దూరానికి పనికొచ్చే ఆయుధం. శత్రువు ఇరవై గజాల్లోకి వచ్చాక అదొక ఇనుప ముద్ద. కాబట్టి ఆయన బ్రెన్ గన్ అందుకున్నాడు. ఒకపక్క తను కాలుస్తూ, తనవాళ్ళు రైఫిళ్ళతో ఎటు కాల్చాలో చెబుతూ ఆ దాడిని ఆపాడు. అప్పటికే రెండు గ్రెనేడ్ల దెబ్బ తగిలింది.

రెండోసారి వచ్చారు. దాన్నీ తిప్పికొట్టారు. అయితే ఈసారి లేచి నిలబడ్డది ముగ్గురే. ఆయన, ఇంకో ఇద్దరు గన్నర్లు. మిగతావాళ్ళు గన్ను చుట్టూ చచ్చిపడి ఉన్నారు. తూటాలు గుప్పెడు కూడా లేవు. మూడోసారి వచ్చేసరికి ఆ గుప్పెడూ మొదట్లోనే అయిపోయాయి. అప్పుడు ఆయన ఆ గునపం అందుకున్నాడు. ముగ్గురిని కొట్టి పడేయడం చూసినవాళ్ళున్నారు. తర్వాత ఆయన మీద దెబ్బలు వానలా పడ్డాయి.

ఆరుగంటల తర్వాత మనవాళ్ళు ఎదురుదాడి చేసి ఆ చోటుని తిరిగి పట్టుకున్నారు. ఉమ్రావ్ సింగ్ గన్ను పక్కన స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఒంటి మీద ఏడు పెద్ద గాయాలు. తల, ముఖం గుర్తుపట్టలేనంతగా చితికిపోయాయి. చేతిలో గునపం అలాగే ఉంది. చుట్టూ పదిమంది జపాను సైనికుల శవాలు. గన్ను మాత్రం బాగానే ఉంది. ఆ రోజే అది మళ్ళీ పేలింది.

*

ఇదీ సైటేషన్ చెప్పే కథ. 1945 మే నెలాఖరులో లండన్ గెజిట్‌లో అచ్చయింది. కథలూ కవితలూ చదివి నాలుగు ముక్కలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి, దీన్ని కూడా ఒక రచనలాగే చదివి చూశాను.

సైటేషన్ అనేది భలే ప్రక్రియ. అందులో ఒక్కడే నాయకుడు ఉండాలి. అంకెలు కచ్చితంగా ఉండాలి: తొంభై నిమిషాలు, రెండు కంపెనీలు, ఏడు గాయాలు, పది శవాలు, ఆరు గంటలు. భయం ఉండకూడదు. నొప్పి ఉండకూడదు. గతం ఉండదు, భవిష్యత్తు ఉండదు. ఒక్క రాత్రి. ఆ రాత్రికి ముందు ఇరవై నాలుగేళ్ళు బతికినవాడు, తర్వాత అరవై ఏళ్ళు బతకబోయేవాడు ఆ రాత్రిలోకి కుదించుకుపోతాడు.

ఇంకో ముఖ్యమైన నియమం: మిగతావాళ్ళకి పేర్లుండకూడదు. జపాను సైనికుల శవాలకి లెక్క ఉంది. గన్ను చుట్టూ చనిపోయిన మన గన్నర్లకి లెక్క కూడా సరిగ్గా లేదు. ‘అందరూ, ఇద్దరు తప్ప’. ఆ ఇద్దరికీ పేర్లు లేవు. రెండు దాడుల్లో పక్కన నిలబడి కాల్చిన మనుషులు, ఎవరి ఊరు ఏదో, ఎవరింటికి ఆ నెల మనియార్డరు ఆగిపోయిందో, ఆ కాగితంలో వాళ్ళు ఒక నేపథ్యం. తప్పు రాసినవాడిది కాదు. ఆ ప్రక్రియే అంత. ఒకరిని వెలుగులో నిలబెట్టాలంటే పక్కవాళ్ళ మీద చీకటి పరచాలి.

మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళిన సిపాయికి మన సాహిత్యాల్లో కొంత చోటు దొరికింది. హిందీలో చంద్రధర్ శర్మ గులేరీ 1915లోనే ‘ఉస్‌నే కహా థా’ రాశాడు. ముల్క్ రాజ్ ఆనంద్ ఫ్రాన్సు కందకాల్లోకి పంజాబీ రైతుని తీసుకెళ్ళి ఒక నవలే రాశాడు. రెండో యుద్ధం సిపాయి మాత్రం నాకు అంత బలంగా ఎక్కడా తారసపడలేదు. దానికి కారణం ఉందనుకుంటాను. ఆ కారణం 1945లోనే ఉంది.

*

1945 అక్టోబర్ 15న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఆరో జార్జి రాజు ఉమ్రావ్ సింగ్‌కి విక్టోరియా క్రాస్ అందించాడు. 1856లో పెట్టిన ఈ పతకం భారతీయ సైనికులకి 1911 దాకా ఇచ్చేవారే కాదు. అందుకున్న మొదటివాడు ఖుదాదాద్ ఖాన్, 1914లో బెల్జియం రంగంలో. రెండో యుద్ధంలో శతఘ్ని దళాల నుంచి, బ్రిటిష్‌వైనా ఇండియన్‌వైనా, దీన్ని అందుకున్న నాన్-కమిషన్డ్ ఆఫీసరు ఉమ్రావ్ సింగ్ ఒక్కడే. శత్రువుల దగ్గర పట్టుకున్న ఫిరంగుల కంచుతో దాన్ని పోత పోస్తారని ప్రతీతి. ఫిరంగిని వదలనివాడికి ఫిరంగి ముక్క.

సరిగ్గా మూడు వారాల తర్వాత, నవంబర్ 5న, ఢిల్లీ ఎర్రకోటలో ఇంకో తతంగం మొదలైంది. ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద రాజద్రోహం విచారణ. భూలాభాయ్ దేశాయ్ వాదించాడు. ఎప్పుడో వదిలేసిన నల్లకోటు నెహ్రూ మళ్ళీ తొడుక్కున్నాడు. దేశమంతా ఊగిపోయింది. ఆ ముగ్గురూ ఒకప్పుడు ఇదే ఇండియన్ ఆర్మీలో అధికారులు.

అసలు సంగతి ఇంకా దగ్గరగా ఉంది. 1944 మే నెలలో ఆజాద్ హింద్ ఫౌజ్ సుభాష్ బ్రిగేడ్‌కి చెందిన మొదటి బెటాలియన్ ఇదే కలాదాన్ లోయ వెంట పైకి నడిచి, సరిహద్దులోని మౌడక్ ఠాణాని పట్టుకుంది. ఉమ్రావ్ సింగ్ గన్ను దగ్గర ఆ రాత్రి గడవడానికి కేవలం ఏడు నెలల ముందు. ఒకే నది, ఒకే అడవి, ఒకే దోమలు, ఒకే మలేరియా. ఎదురెదురు జెండాల కింద భారతీయ రైతుబిడ్డలు.

ఇందులో ఎవరు ఒప్పు? చిన్నప్పుడు నా దగ్గర జవాబుండేది. ఇంట్లో నేతాజీ క్యాలెండరు ఉండేది. అందులో అనుమానమేముంది? ఇప్పుడు అంత తేలిగ్గా చెప్పలేను. జపాను సైన్యం వెనక నడిచి ఢిల్లీ చేరితే ఏం జరిగేదో, చైనాలోనూ బర్మాలోనూ ఆ సైన్యం చేసింది చదివాక, ఊహించడానికి భయమేస్తుంది. మరోపక్క బెంగాల్‌లో ముప్పై లక్షలమంది చనిపోతుంటే అడ్డుకోని ప్రభుత్వం కోసం పోరాడటం ఏం న్యాయం అనీ అనిపిస్తుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు రోహ్‌తక్ జిల్లాలో సంతకం పెట్టిన కుర్రాడి ముందు ఈ ప్రశ్నలేవీ లేవు. ఆ డిసెంబర్ రాత్రి ఆయన ముందున్నది ఒక గన్ను, దాని చుట్టూ తనవాళ్ళు.

స్వాతంత్ర్యం వచ్చాక ఒక విడ్డూరం జరిగింది. జనం గుండెల్లో పెట్టుకున్న ఆజాద్ హింద్ ఫౌజ్ వీరుల్ని స్వతంత్ర భారత సైన్యం తిరిగి తీసుకోలేదు. రాజు కోసం పోరాడిన ఉమ్రావ్ సింగ్‌లు అదే సైన్యంలో కొనసాగారు. వాళ్ళకి ఉద్యోగం మిగిలింది, వీళ్ళకి పాటలు మిగిలాయి. దేశం తన కథ రాసుకున్నప్పుడు ఉమ్రావ్ సింగ్ ఏ అధ్యాయంలోనూ పట్టలేదు. స్వాతంత్ర్య యోధుల జాబితాలో ఆయన ఉండడు. 1947 తర్వాత యుద్ధాల వీరుల జాబితాలోనూ ఆ రాత్రి ఉండదు.

*

ఉమ్రావ్ సింగ్ సైన్యంలోనే ఉండి, ఆనరరీ కెప్టెన్ హోదాతో రిటైరయ్యాడు. భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఊరికెళ్ళి వ్యవసాయం చేసుకున్నాడు. రెండెకరాల చెక్క. పెద్ద కుటుంబం. డబ్బుకి ఎప్పుడూ కటకటే.

విక్టోరియా క్రాస్ ఉన్నవాళ్ళకి బ్రిటన్ ఏటా విడిగా కొంత సొమ్మిస్తుంది. ఉమ్రావ్ సింగ్‌కి వచ్చేది ఏడాదికి 168 పౌండ్లు. మూడు దశాబ్దాలకి పైగా అందులో మార్పు లేదు. 1995 నాటి మారకం రేటులో నెలకి సుమారు 700 రూపాయలు. అదే సమయంలో ఆ పతకాలు కొనేవాళ్ళ లోకం ఒకటుంది. లండన్ వేలంశాలల్లో ఒక్కో విక్టోరియా క్రాస్ వేల పౌండ్లకి పోయేది. దాని వెనక ఎంత పెద్ద కథ ఉంటే అంత ధర. గునపంతో పదిమందిని ఎదుర్కొన్న గన్నరు కథకి ఎంత పలుకుతుందో చెప్పక్కర్లేదు. కొంటామని ఆయన దగ్గరికీ వచ్చారు. గట్టి మొత్తాలే చెప్పారు.

ఆయన ఒప్పుకోలేదు. ఇది అమ్మితే ఆ యుద్ధంలో పడిపోయినవాళ్ళ గౌరవానికి మచ్చ అని కారణం చెప్పాడు.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘నా గౌరవం’ అనలేదు. ‘నా కష్టార్జితం’ అనలేదు. ‘దేశం పరువు’ అని కూడా అనలేదు. ఏ దేశం అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే కదా. పడిపోయినవాళ్ళు అన్నాడు. సైటేషన్‌లో పేర్లు లేని ఆ గన్నర్లని ఆయన మర్చిపోలేదు. రెండెకరాల రైతుకి లక్షల రూపాయలంటే పిల్లల చదువులు, అప్పుల విముక్తి, బోరు, పక్కా ఇల్లు. వాటన్నిటినీ ఒకవైపు, తనవాళ్ళని ఇంకోవైపు పెట్టి తూచాడు. తన పేరున ఇచ్చిన పతకాన్ని ఆయన వాళ్ళ సొత్తుగా చూశాడు. తనది కానిదాన్ని ఎవరైనా ఎలా అమ్ముతారు?

నాకు తెలిసినంతలో సైటేషన్ మీద వచ్చిన అతి పదునైన విమర్శ ఇదే. విమర్శకుడు ఎకరాల లెక్క తప్ప సాహిత్యం లెక్క తెలియని రైతు.

*

1995 ఉత్సవాలకి తిరిగొద్దాం. ఆయన ఎలాగో లోపలికి వెళ్ళాడు. అక్కడ ప్రధానమంత్రి జాన్ మేజర్ కలిశాడు. అలాంటిచోట మామూలుగా ఏం చేస్తాం? చేతులు కలిపి, ఫొటోకి నవ్వి, పక్కకి తప్పుకుంటాం. ఉమ్రావ్ సింగ్ మాత్రం ఆయనతో సూటిగా పింఛను సంగతి ఎత్తాడు. భారతదేశంలో బతికున్న మా పదిమందికీ మీరిచ్చే 168 పౌండ్లు దేనికీ చాలడం లేదని చెప్పాడు. మేజర్ విన్నాడు. ఆ ఏడే మొత్తం 1,300 పౌండ్లకి పెరిగింది.

దీన్ని పెద్ద విజయంగా చెప్పేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇందులో కొంచెం కోపమూ కొంచెం ఆనందమూ కలిసి వస్తాయి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి సముద్రాలు దాటివెళ్ళి, ఒక ప్రధానమంత్రి ఎదుట పడే అదృష్టం కలిసొస్తే తప్ప, ముప్పై ఏళ్ళకి పైగా పాతబడ్డ అంకెని ఎవరూ ముట్టుకోలేదన్నది కోపం. అడగవలసిన మాట అడగవలసినచోట అడిగాడన్నది ఆనందం. అప్పుడు కూడా ‘నాకు’ అనలేదు, పదిమంది లెక్కా చెప్పాడు. అడుక్కోవడానికీ అడగడానికీ మధ్య తేడా తెలిసినవాడు.

అమ్మకానికి లేని పతకం, అడిగి పెంచించుకున్న పింఛను. ఈ రెండూ ఒకే మనిషివి కావడం నాకు చాలా నచ్చింది. త్యాగమూర్తులు డబ్బు ప్రస్తావన తేకూడదని మనకో మూఢనమ్మకం ఉంది. హక్కుగా రావలసింది అడగాలి, తనది కానిది అమ్ముకోకూడదు. ఆయనకి ఈ గీత ఎక్కడుందో స్పష్టంగా తెలుసు.

2005 నవంబర్ 21న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో ఉమ్రావ్ సింగ్ చనిపోయాడు. అప్పటికి భారతదేశంలో బతికున్న విక్టోరియా క్రాస్ గ్రహీత ఆయనొక్కడే. సొంతూళ్ళో సైనిక లాంఛనాలతో దహనం చేశారు. సైన్యాధిపతి వచ్చాడు, ముఖ్యమంత్రి వచ్చాడు.

*

మొన్నామధ్య పని మీద ఢిల్లీ వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం ఇండియా గేట్ దగ్గర దిగాను. చిన్నప్పట్నుంచీ ఫొటోల్లో చూస్తున్నదే. దగ్గరికెళ్ళి చూస్తే రాయి నిండా పేర్లు. మొదటి ప్రపంచయుద్ధంలోనూ మూడో ఆఫ్ఘన్ యుద్ధంలోనూ పోయిన సైనికుల పేర్లు, 13 వేలకి పైనే. దాని వెనక ఛత్రం కింద, ఒకప్పుడు అయిదో జార్జి రాజు విగ్రహం ఉన్నచోట, 2022 నుంచి నేతాజీ నిలబడ్డాడు. ఇంకొంచెం ముందుకెళితే 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం. అక్కడి గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చినవాళ్ళ పేర్లు. చుట్టూ ఐస్‌క్రీం బళ్ళు, బుడగలవాళ్ళు, సెల్ఫీలు.

ఆ మూడింటి మధ్యా అటూ ఇటూ తిరిగాను. రెండో యుద్ధంలో ఇండియన్ ఆర్మీ నుంచి పోయినవాళ్ళు సుమారు 87 వేలమంది. కలాదాన్ లోయలో ఆ గన్ను చుట్టూ పడినవాళ్ళు వాళ్ళలోని గుప్పెడుమంది. ఇండియా గేట్‌కి వాళ్ళు ఆలస్యమయ్యారు. కొత్త గోడలకి తొందరపడ్డారు. ఛత్రం కింద ఉన్నాయన అవతలి పక్షం.

వాళ్ళ పేర్లు అసలెక్కడా లేవని కాదు. రంగూనుకి ఉత్తరాన తౌక్యాన్‌లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ కట్టిన రంగూన్ మెమోరియల్ ఉంది. సమాధి దొరకని దాదాపు 27 వేలమంది పేర్లు అక్కడి స్తంభాల మీద చెక్కారు. దహనం చేసినవాళ్ళకి పక్కనే ఇంకో స్మారకం ఉంది. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల కూలీలు ఓడ దిగిన రంగానికి పక్కనే. ఆ సంస్థ వెబ్‌సైటులో మరణించిన తేదీ, దళం పెట్టి వెతకొచ్చు. డేటాబేసులతోనే నా ఉద్యోగం కాబట్టి ఇదొక్కటైనా చేద్దామనుకున్నాను. 1944 డిసెంబర్ 15, 16. ఇండియన్ ఆర్టిలరీ. 30వ మౌంటెన్ రెజిమెంట్.

వెతకడం మొదలుపెట్టాను. ఒక్కో పేరూ, తండ్రి పేరూ, ఊరూ, ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద తెలుగులో రాసుకుంటున్నాను. ఆ రాత్రి ఒక గన్ను దగ్గర జరిగిన సంగతికి సరైన సైటేషన్ రాయాలంటే, ముందు ఆ జాబితా కావాలి.